ఆరో తీగ దిగినప్పుడు

(పాలకొల్లులో సంగీతం నేర్చుకునే పిల్లలు, పెద్దలు కూడిన ఒక సాయంత్రం ఇచ్చిన ప్రసంగానికి రాతరూపం)

సభ మొదలుకాక ముందే ముందు వరసలో కూర్చున్న అమ్మగారు నన్ను పట్టేశారు. గిటార్ ఒళ్లో పెట్టుకుని రెండుసార్లు మీటానో లేదో, "మాస్టారూ, మీ అనుమంద్రం దిగిపోయినట్టుందండీ" అన్నారు. వీణలో అన్నిటికంటే కింది శ్రుతి తీగ పేరు అది, గిటార్‌కైతే ఆరో తీగ. ఆవిడ నలభై ఏళ్లుగా వీణ వాయిస్తున్నారట. చెవి అంటే అదీ. ఆయ్, దిగిందండీ. అయితే దానంతటది దిగలేదు, నేనే దించాను. ఈ సాయంత్రం మాట్లాడబోయేది ఆ దించడం గురించే. ఫ్లమెంకో అంటే దక్షిణ స్పెయిన్‌లో పాట, ఆట, గిటార్ కలిసిన సంగీతం. ఆ ఫ్లమెంకో గిటార్ మీద శ్రుతి ఎందుకు దించుతారు, దించితే ఏమవుతుంది, దానికి ఎలాంటి తీగలు కట్టాలి. కరెంటు ఉన్నంతసేపు మైకు, పోతే గొంతు.

ముందు ఒక పేరు గొడవ తేల్చుకోవాలి. మన ఊళ్లలో కొట్టుకి వెళ్లి ఏ గిటార్ మీద చెయ్యి పెట్టినా "అది స్పానిష్ గిటారండీ" అంటారు. ఒకప్పుడు ఒళ్లో పడుకోబెట్టి ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించే హవాయియన్ గిటార్ మన దగ్గర బాగా నడిచింది. దానికీ దీనికీ తేడా తెలియడానికి రెండోదాన్ని స్పానిష్ అన్నారు. ఉక్కు తీగలున్నా స్పానిషే, నైలాన్ తీగలున్నా స్పానిషే. ఆ పేరుకీ స్పెయిన్ దేశానికీ పెద్దగా చుట్టరికం లేదు.

ఈ గొడవలోనే నా మొదటి గిటార్ పోయింది. అది నైలాన్ తీగల గిటార్. తీగ తెగితే పక్క టౌన్లో ఒక కొట్టుకి పట్టుకెళ్లాను. ఆయన మంచివాడే, శ్రద్ధగా ఆరు ఉక్కు తీగలు కట్టిచ్చాడు. "సౌండ్ చూడండి ఎలా ఉందో" అన్నాడు కూడా. నిజంగానే బ్రహ్మాండంగా ఉంది, మూడు రోజులు. మూడో రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక టపాకాయ పేలినట్టు శబ్దమైంది. లేచి చూస్తే మూత మీద తీగలు కట్టే బ్రిడ్జి ఊడి, తీగలకు వేలాడుతోంది. నైలాన్ తీగలు ఆరూ కలిసి గిటార్ మూత మీద వేసే లాగుడు సుమారు 40 కిలోలు. మామూలు ఉక్కు తీగల సెట్టు లాగేది 70 కిలోల పైమాటే. మూత కింద ఉండే సన్నటి కర్రబద్దలు ఆ బరువుకి చేసినవి కావు. అందుకే ఈ సాయంత్రం నేను తీగ అన్నచోటల్లా నైలాన్ జాతి తీగ అనే అనుకోండి.

ఇక ఫ్లమెంకో గిటార్. ఇదిగో, ఇటు చూడండి, పసుపు రంగుది. దీన్ని బ్లాంకా అంటారు, తెల్లది అని. వెనకా పక్కలా సైప్రస్ కర్ర, పైన మూత స్ప్రూస్. చేతికి తీసుకుంటే ఏమీ లేనట్టే ఉంటుంది, కిలోంబావు అటూ ఇటూ. ఆ ముదురు రంగుది నెగ్రా. దాని వెనకా పక్కలా రోజ్‌వుడ్. మూతకి అతికించిన ఈ పల్చటి రేకు వేళ్లతో కొట్టడానికి. ఆ కొట్టుడుని గోల్పే అంటారు. అన్నిటికంటే ముఖ్యమైనది, బ్రిడ్జి దగ్గర మూతకీ తీగకీ మధ్య ఎడం. క్లాసికల్ గిటార్‌లో అది సెంటీమీటరు, ఆ పైన. ఇందులో 7, 8 మిల్లీమీటర్లు. తీగలు మెట్లకి కూడా దగ్గరగా పడుకుని ఉంటాయి. చెయ్యి పరుగెత్తడానికి, వేలు మూతని తాకడానికి ఈ ఏర్పాటు. తీగ దించినప్పుడు వచ్చే చిక్కులన్నీ ఈ దగ్గరతనం నుంచే మొదలవుతాయి.

మామూలు శ్రుతి చెప్తాను. కింది శ్రుతి పలికే, బొటనవేలి పక్క తీగ నుంచి ఇ, ఎ, డి, జి, బి, మళ్లీ ఇ. ఆరో తీగ ఇ సెకనుకి 82 సార్లు ఊగుతుంది, ఒకటో తీగ ఇ 330 సార్లు. మన హార్మోనియం లెక్కలో ఇ అంటే మూడు శ్రుతి. ఫ్లమెంకోలో రెండు పెద్ద కూర్చోవడాలు, అంటే ఆధారస్వరాలు, ఉన్నాయి. ఇ మీద కూర్చుంటే పోర్ అరీబా, ఎ మీద కూర్చుంటే పోర్ మేదియో. రాగం వినాలని ఉన్నవాళ్లకి ఒక్క మాట. ఇందులో దిగేటప్పుడు తోడి ఛాయ వినిపిస్తుంది, ఆగేచోట గాంధారం ఎక్కి వకుళాభరణం అవుతుంది. ఆ పోలికని ఇంకా లాగితే తెగుతుంది, కాబట్టి వదిలేద్దాం.

ఎందుకు దించుతారంటే, మొదటి కారణం పాడేవాడు. ఫ్లమెంకోలో గిటార్ ఒంటరిగా వేదిక ఎక్కడం తర్వాత వచ్చిన ముచ్చట. మొదట్నుంచీ అది గొంతు పక్కన కూర్చునే వాయిద్యం. పాడేవాడి శ్రుతి ఎక్కడుంటే అక్కడికి గిటార్ వెళ్లాలి. మెడ మీద బిగించే కేపో, వాళ్ల మాటలో సెహియా, అందుకే పుట్టింది. కాని కేపో పైకే తీసుకెళ్తుంది. గాయకుడిది రెండున్నర శ్రుతి అయితే, ఇ మీద కూర్చునే వాయించాలంటే, కేపో ఏం చేస్తుంది? ఏమీ చేయలేదు. ఆరు తీగలూ ఒక మెట్టు, అంటే ఒక స్వరస్థానం, దించుకోవడమే దారి. మన వయొలిన్ విద్వాంసులు రోజూ చేసే పనే ఇది. పాడేవారి శ్రుతిని బట్టి వయొలిన్ దించుకుంటారు. వదులు తీగ మీద కమాను ఎలా జారుతుందో వాళ్లని అడగండి, నాకంటే బాగా చెప్తారు.

రెండో కారణం చెయ్యి. ఆరు తీగలూ ఒక మెట్టు దించి, ఒకటో మెట్టు మీద కేపో పెట్టండి. వినేవాడికి మామూలు శ్రుతే వినిపిస్తుంది. కాని తీగలో 11 శాతం బిగువు తగ్గింది, మెట్ల మధ్య దూరం కాస్త తగ్గింది. 650 మిల్లీమీటర్ల తీగ 613 మిల్లీమీటర్ల తీగలా పనిచేస్తోంది. చిన్న చేతులవాళ్లకి, వేలి నొప్పి ఉన్నవాళ్లకి, గంటలకొద్దీ నాట్యానికి వాయించేవాళ్లకి ఇది పెద్ద ఊరట. ఇందులో మోసం ఏమీ లేదండీ. కొందరు దీన్ని చూసి ముక్కు విరుస్తారు. నేను విరవను.

మూడో కారణం రంగు. అది వినిపించి చెప్పాలి.

(గిటార్ వాయిస్తారు.)

ఇందాక అమ్మగారు పట్టుకున్నది ఇదే. దీన్ని రోండేనియా శ్రుతి అంటారు. ఆరో తీగ ఇ నుంచి డి కి దిగింది, రెండు మెట్లు. మూడో తీగ జి నుంచి ఎఫ్ షార్ప్‌కి దిగింది, ఒక మెట్టు. మిగతా నాలుగూ ఎక్కడివక్కడే. రమోన్ మోంతోయా అనే మహానుభావుడు 1936లో పారిస్‌లో ఒంటరి గిటార్ మీద చేసిన రికార్డులతో ఈ శ్రుతి లోకానికి తెలిసింది. ఇందులో ఆధారం సి షార్ప్. ఆశ్చర్యం ఏమిటంటే, దించిన తీగల్లో ఏదీ ఆధారస్వరం కాదు. దించింది ఆధారం కోసం కాదు, ఆధారం చుట్టూ మోగే నీడల కోసం. సి షార్ప్ మీద ఆగినప్పుడు పక్కన తెరిచి ఉన్న డి, ఎఫ్ షార్ప్, బి, ఇ మోగుతూనే ఉంటాయి. సాయంత్రం పూట గుడి గంట ఆగిపోయాక కూడా చెవిలో మిగిలే మోత లాంటిది.

నా లెక్కలో, కొత్తగా మొదలుపెట్టేవాడికి ఇంతకంటే మంచి పాఠం లేదు. ఆరింట్లో రెండే కదిలాయి. అందరూ ఆరింటినీ దించేసి, గిటార్ మొత్తం పీలగా మోగుతోందని ఏడుస్తారు. కావలసిన తీగనే దించు నాయనా.

ఇక్కడ కాస్త లెక్క తప్పదు. తీగ లాగుడు శ్రుతితో పాటు మామూలుగా తగ్గదు, శ్రుతి వర్గంతో తగ్గుతుంది. అంటే ఒక మెట్టు దించితే ఊగే లెక్క 6 శాతం తగ్గుతుంది గాని లాగుడు 11 శాతం పోతుంది. రెండు మెట్లు దించితే 21 శాతం. నాలుగు మెట్లు, ఇ నుంచి సి కి దించితే 37 శాతం! ఆరు కిలోల పైచిలుకు లాగుతున్న ఆరో తీగ డి దగ్గర 5 కిలోలకి వస్తుంది, సి దగ్గర 4 కి. ఆ నాలుగు కిలోల తీగ తీగలా ఉండదండీ, ఎండాకాలం బట్టలారేసిన తాడులా ఉంటుంది.

పోయిన లాగుడు తిరిగి రావాలంటే తీగ బరువు పెరగాలి. రెండు మెట్లకి నాలుగో వంతు పైన పెరగాలి, అంటే లావు 12 శాతం పెరగాలి. చాలా కంపెనీల నార్మల్ టెన్షన్, అంటే మామూలు బిగువు, సెట్టులో ఆరో తీగ లావు అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే 43 భాగాలు. హార్డ్ అంటే 44. ఎక్స్‌ట్రా హార్డ్ అంటే 45. ఇప్పుడు లెక్క వేయండి. 43 నుంచి 45 కి వెళ్తే వచ్చే బరువు సుమారు 9 శాతం. ఒక మెట్టు దించితే పోయేదే 11 శాతం. కాబట్టి డబ్బా మీద ఎక్స్‌ట్రా హార్డ్ అని ఎర్రక్షరాలతో ఎంత రాసినా, అది ఒక్క మెట్టు నష్టాన్ని కూడా నిండా పూడ్చదు. రెండు మెట్లకి 48 కావాలి. మామూలు సెట్లలో 48 దొరకదు, విడి తీగ కొనుక్కోవాలి. ఈ ఒక్క లెక్క ముప్పై ఏళ్ల కిందట నాకెవరైనా చెప్పి ఉంటే నా డబ్బులు చాలా మిగిలేవి.

(ప్రేక్షకుల్లోంచి: "పొడుగు గిటార్ కొంటే సరిపోదాండీ?")

మంచి ప్రశ్న బాబూ. 650 మిల్లీమీటర్ల బదులు 664 మిల్లీమీటర్ల మెడలున్న గిటార్లు కూడా ఉన్నాయి. వాటితో లాగుడు 4 శాతం పెరుగుతుంది. అరమెట్టు కూడా కాదు. వేళ్లు మాత్రం ఆ తేడా మొత్తం మోస్తాయి. నేనైతే దానికోసం కొనను.

ఇంతకీ తీగ వదులైతే నష్టం ఏమిటి? క్లాసికల్ వాయించేవాడు సర్దుకుంటాడు. మెల్లగా, మెత్తగా మీటుకుంటాడు. ఫ్లమెంకో కుడిచెయ్యి అలాంటిది కాదు. రస్గేయాదోలో నాలుగు గోళ్లూ ఒకదాని వెనక ఒకటి తీగల మీదుగా దూకుతాయి. అల్సాపూవాలో బొటనవేలి గోరు కిందికీ పైకీ కొడుతుంది. పికాడోలో రెండు వేళ్లు మార్చిమార్చి తీగని తోసి పక్కతీగ మీద వాలతాయి. ఈ మూడింటికీ ఎదురు కావాలి. తీగ తిరిగి తోస్తేనే వేలు తర్వాతి దెబ్బకి లేస్తుంది. బురదలో పరుగెత్తినవాడికి తెలుస్తుంది ఈ బాధ. మన వరిచేల గట్టు మీద పరుగు వేరు, చేలో పరుగు వేరు.

ఇంకొకటి, వదులు తీగ ఎక్కువ వెడల్పుగా ఊగుతుంది. మెట్లు దగ్గరగా ఉన్న గిటార్ కాబట్టి వెళ్లి మెట్లకి కొట్టుకుంటుంది. కొద్దిపాటి చిరచిర ఫ్లమెంకోకి అందమే, అది లేకపోతే పప్పులో ఉప్పు లేనట్టు. కాని చిరచిర వేరు, టకటక వేరు. మూడోది, శ్రుతి నిలకడ. వదులు తీగని గట్టిగా కొడితే కొట్టిన క్షణంలో శ్రుతి పైకి ఎగిరి, తర్వాత అసలు చోటికి దిగుతుంది. వినండి. (ఆరో తీగను సి వరకు దించి గట్టిగా మీటుతారు.) మ్యావ్ అంది చూశారా! (నవ్వులు) పిల్లి ఎక్కడా లేదు, బిగువు లేదంతే.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పుకోకపోతే పాపం. 1969లో ఈ పాలకొల్లులోనే పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారు మాండలిన్ తీసుకుని ఏం చేశారు? మాండలిన్ జంట తీగల వాయిద్యం, నాలుగు జంటలు, ఎనిమిది తీగలు. జంట తీగల మీద గమకం లాగితే రెండూ ఒకేలా సాగవు. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ మీద జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు, ఐదు తీగలు చేసుకున్నారు. వాయిద్యం ఎలా వచ్చిందో అలాగే వాయించాలని ఎక్కడా రాసిలేదు. సంగీతానికి ఏ బిగువు కావాలో, ఎంత కిందికి వెళ్లాలో ముందు తేల్చుకుని, దానికి తగ్గ తీగలు కట్టుకున్నారు. నేను గంట సేపు చెప్పేదీ అదే. ఇంకో చిన్న ముచ్చట. 1980లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్లమెంకో దిగ్గజం పాకో దె లూసీయా పక్కన గిటార్ పట్టుకుని కూర్చున్న ఇంగ్లండ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తర్వాతి కాలంలో శ్రీనివాస్ గారి పక్కన కూర్చున్నాడు. పాకో, శ్రీనివాస్ ఇద్దరూ 2014లోనే వెళ్లిపోయారు.

సరే, తీగల సంగతికి వద్దాం. 1940ల దాకా గిటార్‌కి గొర్రె పేగుతో చేసిన తీగలు కట్టేవారు. కింది శ్రుతి పలికే బేస్ తీగలకి లోపల పట్టు, పైన లోహపు చుట్ట. రెండో ప్రపంచ యుద్ధంలో పేగు తీగ అంతా గాయాలు కుట్టడానికి పోయి, వాయిద్యాలకి కరువొచ్చింది. ఆ కరువులో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ అగస్టీన్ నైలాన్‌తో తీగలు చేశాడు, క్లాసికల్ గిటార్ విద్వాంసుడు సెగోవియా వాటిని నెత్తిన పెట్టుకున్నాడు. ఇవాళ మనం కట్టే పై మూడు తీగలు ఒంటి నైలాన్ పోగులు. కింది మూడింటికి లోపల సన్నటి నైలాన్ నారల కట్ట, పైన వెండి పూత పూసిన రాగి తీగ చుట్ట. బరువంతా ఆ చుట్టలోనే ఉంటుంది. అందుకే బేస్‌ని దించడం సులువు, కాస్త లావు చుట్ట ఉన్నది కడితే సరి.

చిక్కంతా మూడో తీగతోనే. ఒంటి నైలాన్ పోగు, మిల్లీమీటరు పైన లావు, ఆరింట్లోనూ మొద్దుగా మోగేది అదే. దాన్ని జి నుంచి ఎఫ్ షార్ప్‌కి దించితే లాగుడు 5 కిలోలకి పడుతుంది, ఇంకా మొద్దుబారుతుంది. లావు నైలాన్ కట్టామనుకోండి, లావయ్యేకొద్దీ పోగు బిరుసెక్కి, కడ్డీలా పనిచేసి, మెట్టు నొక్కినచోట అపస్వరం పలుకుతుంది. ఇక్కడ పనికొచ్చేది కార్బన్ తీగ. పేరుకి కార్బన్ గాని, అది ఫ్లోరోకార్బన్ అనే ప్లాస్టిక్. నైలాన్ కంటే ఒకటిన్నర రెట్లకు పైగా బరువు. అందువల్ల సన్నగా ఉండి కూడా అంతే లాగుడు ఇస్తుంది. 0.85 మిల్లీమీటర్ల కార్బన్ తీగని ఎఫ్ షార్ప్‌కి దించినా 6 కిలోల దాకా లాగుతుంది, గలగల పలుకుతుంది.

ఈ ఫ్లోరోకార్బన్ పుట్టింది గిటార్ కోసం కాదు, చేపల కోసం. జపాన్‌లో 1971లో గాలం దారంగా వచ్చింది. నీళ్లలో సరిగ్గా కనపడదు కాబట్టి చేపకి అనుమానం రాదట. ఈ సంగతి తెలిసిన రోజు నేను నరసాపురం వెళ్లాను. గాలాలూ వలలూ అమ్మే కొట్టులో నిలబడి, "0.85 మిల్లీమీటర్ల ఫ్లోరోకార్బన్ దారం ఉందాండీ?" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఏ చేపకండీ?" అన్నాడు. చేపకి కాదండీ, గిటార్‌కి అన్నాను. ఆయన లోపలికి తిరిగి వాళ్లబ్బాయిని పిలిచి, "ఒరేయ్, ఈయనకి ఏం కావాలో చూడరా" అని తప్పుకున్నాడు. (నవ్వులు) వాళ్ల దగ్గర ఉన్నది మామూలు నైలాన్ దారమే. అయినా కొన్నాను, పదిహేను రూపాయలు. ఇంటికొచ్చి కొలిస్తే ఒక్కోచోట ఒక్కో లావు. పండుగొప్పకి పర్వాలేదు గాని పన్నెండో మెట్టుకి పనికిరాదు. లావు అంతటా ఒకేలా లేని తీగ ఎంత బిగించినా ఎప్పటికీ శ్రుతిలో ఉండదు. తర్వాత అసలు ఫ్లోరోకార్బన్ చుట్ట ఒకటి తెప్పించుకున్నాను. అది మాత్రం పనిచేసింది. ఇవాళ మూడో తీగ చోట ఉన్నది అదే. పై శ్రుతి పలికే మిగతా రెండు తీగలూ నైలానే. అన్నీ కార్బన్ కడితే బ్లాంకా మరీ గీపెడుతుంది, నా చెవికి నచ్చదు. ఇది నా మాట మాత్రమే, ఇష్టపడేవాళ్లు బోలెడుమంది ఉన్నారు.

లావు తీగ కట్టేటప్పుడు ఒక జాగ్రత్త. మెడ చివర తీగ కూర్చునే గాడి 43 కి కోసినది. 48 తీగ అందులో దిగదు, పైన కూర్చుంటుంది. దిగని తీగని బిగిస్తే టిక్కు టిక్కుమంటూ గెంతుతుంది, శ్రుతి కుదరదు. గాడిని సన్నటి ఆకురాయితో వెడల్పు చేయాలి, లోతు కాదు. లోతు చేస్తే గాడి పోయినట్టే. అనుభవం లేకపోతే చెయ్యి పెట్టకండి.

ఇప్పుడు పెట్టె గురించి. తీగలు ఎంత బాగా కట్టినా చివరికి పలికేది పెట్టె. ప్రతి గిటార్ పెట్టెలోని గాలికి తనదంటూ ఒక స్వరం ఉంటుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే వచ్చే మోత లాంటిది. చాలా గిటార్లకి అది జి చుట్టుపక్కల, సెకనుకి 100 లోపు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడితే వినిపించే జుమ్మనే మోత కూడా 100 కదా. చెరువు గట్టు మీద మోటారు షెడ్డు పక్కన గిటార్ పట్టుకుంటే పెట్టె గుండెల మీద సన్నగా అదరడం నేను ఎరుగుదును. అది అలా ఉండనిచ్చి, అసలు మాటకొస్తాను. ఆ స్వరానికి కింద ఉన్న నాదాన్ని పెట్టె సరిగా మోయలేదు. డి అంటే 73, సి అంటే 65. మీరు ఆ తీగ మీటినప్పుడు ఆ 65 దాదాపుగా బయటికి రాదు. దాని పైన ఉండే 130, 195, 260, అవే వస్తాయి. వాటిని విని కింది స్వరాన్ని మన బుర్ర అల్లుకుంటుంది. అంటే లోతైన స్వరం వినిపించాలంటే పై స్వరాలు శుభ్రంగా ఉండాలి.

ఇక్కడే మన గోదావరి గాలి అడ్డం పడుతుంది. బేస్ తీగ పాతబడితే ముందు చచ్చేది ఆ పై స్వరాలే. చెమట, ఉప్పుగాలి, తేమ కలిసి వెండి పూతని తినేస్తాయి. అంతర్వేది వైపు వాళ్లకి చెప్పనక్కర్లేదు, సైకిల్ చైను ఎన్నాళ్లు వస్తుందో వాళ్లకి తెలుసు. మామూలు శ్రుతిలో నెల రోజులు లాక్కొచ్చే బేస్ తీగ, దించిన శ్రుతిలో రెండు వారాలకే గోడ అవతల మోగుతున్నట్టు ఉంటుంది. అదే తీగ, అదే మురికి, కాని పెట్టె సాయం లేనిచోట మురికి ఎక్కువ వినిపిస్తుంది. కాబట్టి దించి వాయించేవాళ్లు వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తీగల పైనా కిందా తుడవండి. విడిగా ఆరో తీగ, నాలుగో తీగ రెండేసి దగ్గర పెట్టుకోండి. నాలుగోది ఎందుకంటే బేస్ తీగల్లో సన్నది అదే, ముందు తెగేదీ అదే.

తేమకి చెక్క కూడా కదులుతుంది. వానాకాలం మూత ఉబ్బి తీగలు ఎత్తవుతాయి, ఎండల్లో ఏసీ గదిలో పెడితే కుంగి మెట్లకి తగులుతాయి. దించిన గిటార్‌కి వానాకాలం మేలు చేస్తుంది, చూడండి విచిత్రం. ఆ ఎత్తు వల్ల టకటక తగ్గుతుంది. నేను నెగ్రాని జులై నుంచి అక్టోబరు దాకా రెండు మెట్లు దించి ఉంచుతాను. మిగతా కాలం ఒక మెట్టు చాలు. పులస దొరికే నెలలు, దించే నెలలు ఒకటే అని ఇంట్లో హాస్యం.

(ప్రశ్న: "దించి ఉంచితే మెడ పాడవుతుందాండీ?")

పాడవదమ్మా. లాగుడు తగ్గింది కాబట్టి భయం లేదు. మెడకి ఉండే కొద్దిపాటి వంపు తగ్గి తిన్నగా అవుతుంది, దానివల్ల మొదటి మెట్ల దగ్గర కాస్త చిరచిర రావచ్చు. బ్రిడ్జి మీద తీగలు ఆనే ఎముక పట్టీ కింద సన్నటి కర్ర ముక్క పెట్టి అర మిల్లీమీటరు లేపుకుంటే సరిపోతుంది. అసలు బాధ పెట్టేది రోజుకి నాలుగుసార్లు దించి ఎక్కించడం. నైలాన్‌కి జ్ఞాపకం ఎక్కువ. ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే పోతానంటుంది.

(ప్రశ్న: "మా వాడికి చిన్న గిటార్ కొన్నామండీ, దాని తీగలు మరీ వదులుగా ఉన్నాయి.")

పొట్టి మెడ కదండీ, అదీ దించిన గిటార్ లాంటిదే. 580 మిల్లీమీటర్ల మెడ మీద మామూలు శ్రుతి పెడితే, పెద్ద గిటార్‌ని రెండు మెట్లు దించినంత వదులు. దానికి హార్డ్ గాని ఎక్స్‌ట్రా హార్డ్ గాని కట్టించండి. పెద్ద గిటార్‌కి నేను వద్దన్నది చిన్నదానికి మందు.

(ప్రశ్న: "సి దాకా దించి బాగా వాయించడం కుదరనే కుదరదా?")

ఈ గిటార్ మీద కుదరదు బాబూ, నా మటుకు. బ్లాంకాని ఒక మెట్టు, నెగ్రాని రెండు మెట్లు, ఆరో తీగ ఒక్కటే అయితే డి దాకా. ఆ కింద ఏం చేసినా బ్లాంకా పెట్టె దగ్గుతుందే గాని పలకదు. అంత లోతు కావాలంటే పెట్టె పెద్దది, మెడ పొడుగుది, ఇంకో వాయిద్యం కావాలి. లేదా ఈ అమ్మగారి ఇంటికి వెళ్లి అనుమంద్రం వినండి. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారు, కాకినాడలో పుట్టిన ఆయన శిష్యుడు చిట్టిబాబు గారు ఆ తీగ మీద ఏం చేశారో రికార్డులున్నాయి. పనస కుండ, లోహపు తీగ, పొడుగు దండి. ఆ లోతు ఆ పెట్టెది.

ఇంక ఒక్కటి వాయించి లేస్తాను. ఇది పోర్ అరీబా, కాబట్టి ఆరో తీగ మళ్లీ ఇ కి రావాలి, మూడోది జి కి. (తీగలు బిగిస్తారు.) వచ్చింది. అమ్మగారూ, ఎలా ఉందండీ? ఏంటండీ... ఇంకా కొంచెం తక్కువా? ఆయ్, ఇప్పుడే సరిగ్గా పెట్టానండీ, నేను మాట్లాడుతుండగానే దిగింది. ఒక్క నిమిషం ఆగండి, ఇంకోసారి లాగుతాను, మళ్లీ దిగుతుంది, మళ్లీ లాగుతాను.